ఆమెన్ లేని పిడికెడు

పొద్దున్నే ఎలిశబెతు చేసే పనులు మూడు. పొయ్యి రాజెయ్యడం, ఎసరు పెట్టడం, పాలెం జనాన్ని తిట్టుకోవడం. మొదటి రెండూ అయితేగానీ మూడోది మొదలయ్యేది కాదు. ఎసట్లో బియ్యం పడి ఒక పొంగు వస్తే తప్ప ఆ రోజుకు ఎవరిని తిట్టాలో ఆమెకు తెలిసేది కాదు మరి.

ఆమె మొగుడు క్రీస్తురాజు కాలవగట్టు పాలేనికి ఉపదేశి. చిట్టమూరు నుంచి తూర్పుగా సరుగుడు తోపులు దాటుకుంటూ పోతే బకింగాం కాలవ వస్తుంది. ఆ గట్టు మీద మిషను వాళ్ల స్థలంలో నలభై గుడిసెలు, నడుమ పెంకులు కప్పిన ప్రార్థన మందిరం, దాని పక్కనే ఉపదేశి ఇల్లు. పాలెంలో ప్రతి ఇంటి ఆడమనిషీ వండడానికి బియ్యం తీసుకున్నప్పుడల్లా అందులోంచి ఒక పిడికెడు తీసి గూట్లో ఉన్న ముంతలో వేస్తుంది. అది దేవుడి పిడికెడు. ఆదివారం ముంతలన్నీ మందిరానికి వస్తాయి, అన్నీ ఒకే గంపలోకి ఒంపుతారు. దేవుడు వచ్చి తినే రకం కాదు కాబట్టి గంప ఉపదేశి ఇంటికి వెళుతుంది. ఇరవై రెండేళ్లుగా ఎలిశబెతు పొయ్యి మీద ఉడుకుతున్నది ఆ బియ్యమే.

ఆ బియ్యం ఉడికేటప్పుడు మాట్లాడుతుంది. పిడికెడు తీసేటప్పుడు ఆ ఆడమనిషి మనసులో ఏముందో అది, ఆమె గొంతుతోనే, పొంగుతో పాటు పైకి వస్తుంది. ఇంట్లో వండుకునే బియ్యం ఏమీ అనదు. దేవుడికని తీసిందే మాట్లాడుతుంది. గింజ దేవుడిదయ్యాక దానికి నోరు లేకుండా ఎట్లా ఉంటుందని పాలెం పెద్దలు ఎప్పుడో తేల్చుకున్నారు, పిల్లలు కూడా దాని గురించి అడిగేవాళ్లు కారు. ఆ ఏడు ఊళ్లో పంచాయతీ వాళ్లు గుంజకు బూరా కట్టి రేడియో పెట్టించారు. ఎలిశబెతు ఒకసారి వెళ్లి విని, "మా ఎసరే నయం. తెలిసిన మొహాలు మాట్లాడతాయి" అని తిరిగొచ్చేసింది.

తమ బియ్యం మాట్లాడుతుందని తెలుసు కాబట్టి పాలెం ఆడవాళ్లు ముంత దగ్గర చాలా జాగ్రత్తగా ఉండేవాళ్లు. మొగుణ్ణీ మేకనీ ఒకే మాటతో అదిలించే మనుషులు, పిడికిలి బిగించేసరికి "కృపాకనికరములు గల ఓ తండ్రీ" అని అందుకునేవాళ్లు. మిషను దొరసానమ్మ ఎప్పుడో నేర్పిపోయిన భాష అది. ఆమె సముద్రం దాటి వెళ్లిపోయినా భాష మాత్రం ఇక్కడే ఉండిపోయింది. అయితే బియ్యం నోటి మాట దగ్గర ఆగేది కాదు, దాని వెనకాల ఉన్నది కూడా తెచ్చేది.

సంఘ పెద్ద గంగులయ్య భార్య కరుణాకుమారి గూడూరు బోర్డింగు బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివింది. ఆమె బియ్యం "ఓ తండ్రీ, నీ దాసురాలను, ధూళినై యున్నాను" అని గంభీరంగా మొదలయ్యేది. మరుసటి బుడగలోనే "నూకలు కలిపినా ఎవురు కనిపెడతారులే ఇంత గంపలో" అని తేలేది. దాని వెనకే ఇంకో ఇల్లాలి గొంతు, పక్కింటి గేదె ఒట్టిపోవాలని కోరుకునేది. ఇంకొకామె లోకంలోని రోగులందరినీ బాగుచెయ్యమని అడిగి, అత్తగారిని మాత్రం దేవుడి చిత్తానికే వదిలేసేది.

"ఇదీ వీళ్ల భక్తి" అనుకునేది ఎలిశబెతు, గరిటెతో మెతుకు తీసి నలిపి చూస్తూ. ఒక్కొక్క గొంతుకూ ఒక్కొక్క తిట్టు ఆమె దగ్గర సిద్ధంగా ఉండేది. ఒకరి గొంతు నూక అని, ఇంకొకరిది తవుడు అని పేర్లు పెట్టి నవ్వుకునేది. నిజానికి ఆ నవ్వులో ఆమెకు మంచి సుఖం ఉండేది.

మొగుడంటే కూడా ఆమెకు పెద్ద గౌరవం లేదు. మంచివాడే. కానీ అన్నం ముందు కళ్లు మూసుకున్నాడంటే చీనా దేశం దాకా వెళ్లి అక్కడి వాళ్లను కూడా ఆశీర్వదించి వచ్చేలోపు అన్నం చల్లారిపోయేది. అంతసేపూ ఎలిశబెతు కళ్లు తెరుచుకునే ఉండేది. ఎవరో ఒకరు ఈగలు తోలాలి కదా. ఇరవై రెండేళ్లుగా ఆ ఇంట్లో ప్రార్థన ఆయనది, ఈగలు ఆమెవి.

దేవుడి సంగతి తనకు తెలియనిదా అని ఆమె ధీమా. ఊరందరి జాబులూ ముందు తపాలా మనిషి చేతిలో పడ్డట్టు, ఆయనకు వెళ్లే మాటలన్నీ ముందు తన చెవిలో పడేవి. ఇంక తను కొత్తగా ఆయనతో మాట్లాడాల్సింది ఏముంది అనుకునేది.

పాలెం చివర, ఉప్పు పడవలు ఆగేచోట, ఆనందకుమారి గుడిసె ఉంది. పాతికేళ్లు ఉంటాయేమో. మొగుడు పోయి మూడేళ్లయింది. నాలుగేళ్ల పాప ఉంది. ఉప్పుమళ్లలో గంపలు మోసి బతుకుతుంది. ఆమె బియ్యం తీరు వేరుగా ఉండేది. ఓ తండ్రీ లేదు, కృపా లేదు, కనికరమూ లేదు. పొంగు రాగానే మెల్లగా, ఇంట్లో మనిషిని అడిగినట్టు, "ఏమయ్యా, తిన్నావా?" అనేది. అంతవరకూ వినేసరికి ఎలిశబెతుకు విసుగొచ్చేది. ప్రార్థన చెయ్యడం కూడా నేర్చుకోని మొద్దు అనుకుని ఎసరు మీద మూకుడు పెట్టేసేది. మూకుడు పెడితే మాటలు వినపడవు.

పుష్యమాసపు చలిలో ఒక రోజు కాలవ రేవులో బట్టలు ఉతుకుతూ ఆమె ఆ సంగతే చెప్పింది. చెప్పకపోయినా కొంప మునిగేది లేదు, కానీ ఆ రోజు నవ్వుకోడానికి ఇంకేమీ దొరకలేదు.

"మన ఆనందకుమారి ప్రార్థన విన్నారంటే మీరు కాలవలో పడతారు" అంది.

"ఏమంటాదక్కా?" అంది ఒకామె.

"మొగుడు పీట మీద కూర్చోనున్నట్టు, 'ఏమయ్యా, తిన్నావా' అంటాది. ఆమెన్ కూడా ఉండదు. దేవుడి పిడికెడు మీద అనే మాటేనా అది?"

అందరూ నవ్వారు. కరుణాకుమారి మాత్రం నవ్వలేదు. చీర పిండుతూ, "ఏమయ్యా అనిందా? ఆ పిల్లకు మొగుడు లేడు గదా?" అంది.

ఆ ప్రశ్న రేవులోంచి బట్టల మూటలతో పాటు పాలెంలోకి వెళ్లింది. రెండు రోజులకు, మొగుడు లేనిది ఏమయ్యా అన్నదంటే ఎవరో ఉన్నట్టే కదా అయింది. మూడో రోజుకు ఆ ఎవరో ఉప్పు పడవవాడు అయ్యాడు. నాలుగో రోజుకు అతనికి మీసాలు కూడా వచ్చాయి. దేవుడికని తీసిన బియ్యం ఆనందకుమారి పడవవాడికి వండిపెడుతోందని అయిదో రోజు ఒకామె ఎలిశబెతుకే వచ్చి చెప్పింది.

ఎలిశబెతు విని నవ్వింది. ఇంత మట్టిబుర్రలతో పరలోకం ఎట్లా నిండుతుందా అనుకుంది. అది అట్లా కాదని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. ఈ మనుషులకు ఒకటి విడమరిచి చెప్పడమంటే వాళ్లను మనుషుల్లో జమకట్టినట్టే అని ఆమె ఉద్దేశం.

శుక్రవారం క్రీస్తురాజు దిగులు మొహంతో ఇంటికి వచ్చాడు. "ఆదివారం ఆరాధన అయ్యాక సంఘ కూటం పెట్టినారు. ఆనందకుమారిని సహవాసంలోంచి తీసేస్తారంట. తీసేస్తే మిషను స్థలంలో ఉండే హక్కు పోతాది. గుడిసె పీకేస్తారు."

"ఎవురన్నారు?"

"గంగులయ్య అన్న పట్టుబట్టి ఉండాడు."

గంగులయ్య గుడిసె ఆనందకుమారి గుడిసె పక్కనే. ఆయనకు నాలుగు ఎద్దులున్నాయి, కొట్టం వేసుకోడానికి చోటు లేదు. ఎలిశబెతు మొగుడి మొహం చూసింది. "నువ్వేం చెప్పినావు?"

"ప్రార్థన చేద్దాం అన్నా."

"చీనా దాకా పొయ్యొచ్చేలోగా గుడిసె లేచిపోతాది" అని ఆమె పొయ్యి వైపు తిరిగింది.

సాయంత్రం ఆనందకుమారి పాపను చంకనెత్తుకుని వచ్చి వాకిట్లో నిలబడింది. ఉప్పునీళ్లలో నాని ఆమె కాళ్లు తెల్లగా పగిలి ఉన్నాయి.

"అక్కా, నా బియ్యం ఏమంటాదో నీకు తెలుసు గదా. ఆదివారం ఒక్క మాట చెప్పక్కా. ఈ గుడిసె పోతే బిడ్డనెత్తుకోని నేను యాడికి పోయేది?"

ఎలిశబెతుకు లోపల ఎక్కడో గుచ్చుకుంది. గుచ్చుకున్నప్పుడల్లా ఆమె నోరు ఇంకా పదునెక్కేది. "ఏమని చెప్పేది? ఇన్నేళ్లొచ్చినా నీకు ఆమెన్ అనడం కూడా చేతగాలేదు. అదేం ప్రార్థన? చివర ఆమెన్ అనుంటే ఈ గొడవే ఉండేది కాదు."

"ఆమెన్ అంటే మాట అయిపోయినట్టు గదక్కా. మాది అయిపోలా" అంది ఆనందకుమారి.

"మాది అంట!" అని ఎలిశబెతు లోపలికి వెళ్లిపోయింది. ఆనందకుమారి పాపను ఇంకో చంకకు మార్చుకుని వెళ్లింది.

మర్నాడు పొద్దున ఎలిశబెతు పిల్లిని తరమబోయి మూకుడు మీద కాలేసింది. మూకుడు మూడు ముక్కలయింది. తిట్టుకుంటూ పొయ్యి రాజేసి, ఎసట్లో బియ్యం పోసింది. పొంగు వచ్చింది. కరుణాకుమారి ధూళినై యున్నానంది, పక్క గుడిసె చోటు దొరికితే ఎద్దులకు ఎండ తగలదంది. గేదె ఇంకా ఒట్టిపోలేదని ఒకామె దేవుణ్ణి నిలదీసింది. ఆ తర్వాత మెల్లగా, "ఏమయ్యా, తిన్నావా?" అని వినపడింది.

ఎలిశబెతు చెయ్యి మూకుడు కోసం వెళ్లింది. అక్కడ ముక్కలే ఉన్నాయి.

"నిన్న వాన బాగా కురిపించినావు" అంది ఆనందకుమారి గొంతు. "ఉప్పంతా కరిగిపోయె. మాకు నాలుగు రోజులు పని లేదంట. నీకు చెప్పాలని కాదు, తెలియందా నీకు? ఊరికే చెప్తా ఉండా. పాపకు దగ్గు తగ్గింది. నువ్వే తగ్గించినావని అనుకుంటా ఉండా. సముద్రాన్ని చేసినావు బాగుండాది, అందులో అంత ఉప్పెందుకు పోసినావయ్యా? కాళ్లు మండిపోతా ఉండాయి. సరే, నీకేదో లెక్కుంటాది. ఈ పూట బియ్యం కొంచెమే ఉండాయి, అందుకని పిడికెడు చిన్నదిగా తీసినా. ఏమనుకోబాక. మళ్లా రేత్రికి వస్తా."

గంజి పొంగి పొయ్యిలోకి పారింది. ఎలిశబెతు కదల్లేదు. అన్నం మాడుతున్న వాసన వస్తే క్రీస్తురాజు లోపలికి తొంగిచూసి, భార్య మొహం చూసి వెనక్కి వెళ్లాడు.

మొదట ఆమెకు వచ్చింది కోపమే. ఇన్నేళ్లుగా ఆ గంపలో ఒక్క పిడికెడు నిజం బియ్యం ఉంటే, తాను ప్రతి పూటా మూకుడు పెట్టి దాన్ని మూసింది. నూకల్నీ తవుడునీ చెవులు రిక్కించి విన్నది. పాలెంలో అందరికంటే తెలివైనదాన్నని అనుకున్న ఎలిశబెతుకు ఇంతకంటే అవమానం ఏముంటుంది? పైగా రేవులో ఆ మాటను నవ్వులపాలు చేసింది తనే. ఆమెకు సిగ్గేసింది. సిగ్గు అలవాటు లేని మనిషి కాబట్టి దాన్ని ఎక్కడ దించుకోవాలో ఆ రోజంతా తెలియలేదు.

ఆదివారం మందిరం నిండిపోయింది. మామూలుగా ఆరాధనకు రానివాళ్లు కూడా ఒకరి గుడిసె పోతుందంటే తలకు నూనె రాసుకుని వచ్చారు. మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు చాపల మీద ఇంకో పక్క. ముంతలు ఒంపిన గంప ముందర ఉంది. చివరి పాట అయ్యాక గంగులయ్య కండువా సర్దుకుని లేచాడు.

"సహోదర సహోదరీలారా, మన నడుమ పాపము ప్రవేశించియున్నది" అని మొదలుపెట్టాడు. ఎద్దులకు కొట్టం కావాలని ఆ భాషలో చెప్పడం ఎట్లాగో చూడాల్సిందే. పావుగంట తిప్పి తిప్పి, చివరికి మామూలు మాటల్లోకి దిగాడు. "మే ఆనందకుమారీ, లెయ్యి. దేవుడి పిడికెడు తీసేటప్పుడు 'ఏమయ్యా, తిన్నావా' అని ఎవురిని అంటావు?"

"దేవుణ్ణే" అంది ఆనందకుమారి.

మగవాళ్ల వైపు నవ్వులు లేచాయి. "దేవుణ్ణి తిన్నావా అని అడుగుతారా ఎవురన్నా? ఆయనకు కడుపుందా?"

"ఆయనకని తీసిపెట్టి, తిన్నావా అని అడక్కపోతే ఎట్టా?" అందామె.

ఇన్నేళ్లుగా తీసిపెడుతున్న ఆడవాళ్లలో ఎవరికీ ఆ అనుమానం రాలేదు. అంతలో కరుణాకుమారి, "మాటలకేం, ఎన్నన్నా చెప్తాది" అని సణిగింది. ఆ సణుగుడుతో అందరికీ ఊపిరి వచ్చింది. గంగులయ్య "తీసెయ్యాలనే వాళ్లు చేతులెత్తండి" అన్నాడు. చేతులు లేచాయి. క్రీస్తురాజు తన కాళ్ల వైపు చూసుకుంటూ కూర్చున్నాడు.

"దించండి చేతులు" అంది ఎలిశబెతు లేచి. ఆమె గొంతు రేవులో ఎట్లా ఉండేదో మందిరంలోనూ అట్లాగే ఉంది. "నేను రేవులో చెప్పింది ఈ పిల్ల దేవుడితో ఎట్టా మాట్లాడతాదో. నవ్వులాటకి చెప్పినా, అది నా తప్పే. మీ చెవుల్లో పడి దేవుడు పడవవాడైనాడు. మీసాలు కూడా పెట్టినారు. సరే, నా మాట నమ్మబాకండి. గంప ఈడనే ఉండాది. వాకిట్లో మూడు రాళ్లు పెట్టి పొయ్యి రాజేస్తా. బియ్యం ఉడికిందాకా అందరూ కూర్చోండి. ఈ పిల్ల బియ్యంలో మొగోడి పేరు వినపడితే గుడిసె నేనే పీకుతా."

మగవాళ్లలో ఒకడు, "అదీ న్యాయమే" అన్నాడు. అతనికి పెళ్లయి నెల కూడా కాలేదు.

ఆడవాళ్ల చాపల మీద కదలిక పుట్టింది. "అందరి బియ్యమూ కలిసిపోయుండాది గదక్కా" అంది ఒకామె సన్నగా.

"అందరివీ విందాం. దాపరికం ఏముంది? అందరం దేవుడికి చెప్పుకునే మాటలే గదా?"

గంగులయ్య తన భార్య వైపు చూశాడు. మగవాళ్లు పిడికెడు తీయరు, కాబట్టి అంతవరకూ ఆయనకు భయమన్నది తోచలేదు. ఇప్పుడు కరుణాకుమారి చాప ఈనెలు పీకుతూ తలెత్తకుండా కూర్చుని ఉంది. ఆయన చూపు ఆమె మీద ఆగింది, ఆమె చెవులు ఎర్రబడ్డాయి. తన గురించి దేవుడి దగ్గర ఏమి చేరి ఉంటుందో గంగులయ్యకు మొదటిసారి తట్టింది. అట్లాంటి చూపులే మందిరమంతా అటూ ఇటూ తిరిగాయి. లేచిన చేతులు ఒక్కొక్కటే దిగాయి.

"దేవుడి మందిరం ముందర పొయ్యేంది, అపచారం" అన్నాడొకడు. "పుల్లలు తడిసుండాయి" అన్నాడింకొకడు. బయట ఎండ కాస్తోంది. పెళ్లయి నెల కాని వాడి వైపు అతని భార్య చాప మీంచే గుడ్లురిమి చూసింది. గంగులయ్య కండువా దులిపి, "సంఘము కనికరము గలది. ఈసారికి సహోదరిని క్షమించుచున్నది" అని ముగించాడు. దేనికి క్షమించారో ఆయనా చెప్పలేదు, ఎవరూ అడగలేదు. ఆనందకుమారి గుడిసె నిలబడింది.

బయటికి వస్తుంటే కరుణాకుమారి ఎలిశబెతు పక్కకు చేరింది. చదువుకున్న మనిషి, కసి కూడా నెమ్మదిగానే తీర్చుకుంటుంది.

"అందరి ముంతలూ ఎరిగినదానివి ఎలిశబెతమ్మా. నీ ముంత యాడుంది?"

ఎలిశబెతు గబగబా ఇంటి వైపు నడిచింది. ఆమెకు ముంత లేదు. గంప వచ్చేది తన ఇంటికే కదా, తన కుండలోంచి తీసి మళ్లీ తన కుండలోనే వేసుకోవడం ఏమిటని పెళ్లయి వచ్చిన మొదటి వారమే ఆ పని మానేసింది. నలభై ఇళ్ల పాలెంలో దేవుడికి పిడికెడు తీయని ఇల్లు ఒక్కటే ఉంది, అది ఉపదేశి ఇల్లు. తాను చీదరించుకున్న ఆ నూకల మనుషులు కూడా అబద్ధమో నిజమో రోజుకు రెండుసార్లు ఆయన పేరెత్తారు.

పెద్దలు ఆ వారంలోనే ఇంకో తీర్మానం చేశారు. ఇకమీదట గంప గూడూరు బోర్డింగు బడికి పోతుంది, బీద పిల్లలు తింటారు. ఉపదేశి ఇంటికి సంఘం పొలంలో పండిన వడ్లు కొలుస్తారు. పిల్లల మీద ప్రేమతోనే ఈ పని చేస్తున్నామని గంగులయ్య మూడుసార్లు చెప్పాడు. ఆ బడిలో వంటమనిషికి చెవుడని పాలెంలో అందరికీ తెలుసు.

సంఘం వడ్లు ఎవరూ ఎవరికీ తీసిపెట్టినవి కావు. దంచి ఎసట్లో పోస్తే గింజ నోరు విప్పలేదు. పొంగు వచ్చింది, పోయింది. నీళ్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. మొదటి రోజు ఎలిశబెతు హాయిగా ఉందనుకుంది. మూడో రోజుకు తిట్టడానికి ఎవరూ లేక పిల్లిని తిట్టింది. వారం తిరిగేసరికి ఆ ఇంట్లో గొంతన్నది క్రీస్తురాజుది ఒక్కటే అయింది. ఇన్నేళ్లూ తాను ఊరివాళ్ల మాటల మీదే దేవుడి ఇంట్లో కాపురం చేసిందని, వాళ్ల మాటలు తీసేస్తే ఆయనకూ తనకూ మధ్య ఒక్క మాట కూడా లేదని ఆమెకు ఆ సద్దులేని కుండ ముందర తెలిసింది. అన్నం ముందు మొగుడు కళ్లు మూసుకుంటే, ఈగలు వాలుతున్నా తోలకుండా కూర్చుంది.

మర్నాడు బియ్యం చేటలో పోసుకుని పిడికిలి బిగించింది. కృపాకనికరములు అని మొదలుపెడదామంటే తనకే నవ్వొచ్చింది. ఏమయ్యా అందామంటే అది ఇంకొకరి మాట. ఏమీ దొరకలేదు. అట్లా నిలబడితే అరచెయ్యి చెమట పట్టి గింజలు అతుక్కున్నాయి. చివరికి ఆ పిడికెడు కొంగున ముడివేసుకుని గట్టు వెంబడి నడిచింది. తన పిడికెడు తన పొయ్యి మీదే వండుకుంటే అది ఇచ్చినట్టు కాదని ఆమెకు ఇప్పుడు తెలుసు. చెవిటి వంటమనిషికి పంపడానికి మనసొప్పలేదు.

ఆనందకుమారి పొయ్యి ఊదుతోంది. పాప పక్కన గవ్వలతో ఆడుకుంటోంది.

"ఇది దేవుడి పిడికెడు. నీ ఎసట్లో వెయ్యి" అంది ఎలిశబెతు.

"దేవుడిది ఇంట్లో వండకూడదు గదక్కా?"

"మా ఇంట్లో ఇరవై రెండేళ్లు వండినా. పిడుగు పడలా. వెయ్యి."

ఆనందకుమారి ఎలిశబెతు కొంగు ముడి విప్పి గింజలు ఎసట్లో రాల్చింది. ఇద్దరూ పొయ్యి ముందర కూర్చున్నారు. నీళ్లు కాగాయి, చిన్న బుడగలు వచ్చాయి, ఏమీ వినపడలేదు. తన గింజ కూడా సంఘం వడ్లలాంటిదేనేమో, దాంట్లో కూడా ఏమీ లేదేమో అని ఎలిశబెతుకు భయం పుట్టింది. అంత భయం ఆమె ఎప్పుడూ ఎరగదు. పాప ఆట మాని కుండ వైపు చూసింది.

పొంగు వచ్చింది. దాంతో పాటే రేవులో చాకలిబండ దగ్గర వినపడే గొంతు, ఆమె సొంత గొంతు, కుండలోంచి లేచింది.

"ఏమయ్యా! ఇరవై రెండేళ్లు నీ కూడే తింటిని. ఒక్క పూటన్నా నన్ను పలకరించినావా?"

పాప ఉలిక్కిపడింది. కుండ కాసేపు ఊరికే ఉడికింది. తర్వాత అదే గొంతు, ఎలిశబెతు తన నోటితో ఎన్నడూ మాట్లాడనంత మెల్లగా, "నేనన్నా పలకరించుంటే బాగుండు" అంది.

ఎలిశబెతు సిగ్గుతో పక్కనున్న మూకుడు అందుకుని కుండ మీద పెట్టబోయింది. ఆనందకుమారి ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండక్కా" అంది, పుల్ల ఎగదోస్తూ. "ఇంకా అయిపోలా."